పట్ పట్టని బుట్ట: నా అనుభవం

శనివారం పొద్దున డిస్క్ గోల్ఫ్ డబుల్స్ ఆట, చివరి హోలు. బుట్టకీ నాకూ మధ్య పదిహేను అడుగులు కూడా లేవు. విసిరాను. డిస్క్ గొలుసుల్లోకి దూరింది, ఝల్లుమంది, నా పార్ట్‌నర్ అప్పుడే చెయ్యి పైకెత్తాడు. అంతలో అది ఎడమ పక్క నుంచి జారి బయటపడి, అంచు మీద నిలబడి, వాలు వెంట దొర్లుకుంటూ పోయింది. ఎత్తిన చేత్తో పార్ట్‌నర్ టోపీ సర్దుకున్నాడు.

నేను దగ్గరికెళ్ళి ఎడమ పక్క గొలుసులు పట్టుకుని ఊపి చూశాను. పల్చగా ఉన్నాయనిపించింది. ఈ బుట్టల్ని ఎవరూ పట్టించుకోవట్లేదని ఇంటికొచ్చేదాకా కారులో సణుగుతూనే ఉన్నాను.

తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. డిస్క్ గోల్ఫ్ అంటే గోల్ఫ్ లాంటిదే. బంతికి బదులు అరచేతి కన్నా వెడల్పుండే ప్లాస్టిక్ డిస్క్, గుంతకి బదులు ఒక స్తంభం. స్తంభం చుట్టూ పైనుంచి గొలుసులు వేలాడుతుంటాయి, వాటి కింద ఇనప ట్రే, ఇదంతా కలిపి బుట్ట. దగ్గర్నుంచి బుట్టలోకి వేసే విసురుని పట్ అంటారు. డిస్క్ ట్రేలో పడ్డా సరే, గొలుసుల్లో చిక్కుకుని వేలాడినా సరే. బుట్ట పైకప్పు మీద వాలి కూర్చుంటే మాత్రం లెక్కలోకి రాదు. అమెరికాలో, నార్త్ కరోలినా రాష్ట్రంలో మేముండే షార్లెట్‌లో ఈ ఆటకి కొదవ లేదు. హార్నెట్స్ నెస్ట్ పార్కు, రెనసాన్స్ పార్కు ఊళ్ళోనే ఉన్నాయి. కాస్త దక్షిణంగా రాష్ట్రం దాటితే రాక్ హిల్‌లో విన్‌త్రాప్ యూనివర్సిటీ. 1999లో అమెరికా జాతీయ చాంపియన్‌షిప్ మొదలైంది అక్కడే.

ఆ ఏప్రిల్‌లో అమ్మానాన్నలు ఆరు నెలలుండి పోదామని మా ఇంటికొచ్చారు. అమ్మకి మనవరాలితో, సీరియళ్ళతో పొద్దు గడిచిపోయేది. నాన్నకే ఏమీ తోచేది కాదు. తెనాలిలో నలభై ఏళ్ళు సైకిల్ షాపు నడిపిన మనిషి, కారు లేనిదే గడప దాటలేని చోట చేతిలో స్పానరు లేకుండా ఎన్నాళ్ళు కూర్చుంటాడు? మూడో వారానికల్లా మా ఇంట్లో ఉన్న స్క్రూలన్నీ బిగించేశాడు.

నా సణుగుడు విని, "ఏంట్రా ఆ పట్టు?" అన్నాడు.

"పట్టు కాదు నాన్నా, పట్."

"ఏదైతేనేం, పట్టలేదు కదా."

మర్నాడు పార్కుకి తీసుకెళ్ళి చూపించాను. బుట్ట చుట్టూ రెండుసార్లు తిరిగి, జానతో కొలిచి, "కోళ్ళ గంపకి గొలుసులు కట్టారు" అన్నాడు. పాతిపెట్టే మంచి బుట్టకి కొన్ని వందల డాలర్లవుతుందని చెప్పాను. "రెండు రిమ్ములు, ఒక పైపు. దీనికి వందలేంట్రా, మనమే కట్టేద్దాం."

అలా మొదలైంది. పాత సైకిళ్ళ సామాను అమ్మే చోట 26 అంగుళాల రిమ్ములు రెండు తెచ్చాం, ఒకటి పైన గొలుసులకి, ఒకటి కింద ట్రేకి. గ్యారేజీలో కూర్చుని నాన్న వాటి బెండు తీస్తుంటే మా అమ్మాయి పక్కనే చతికిలబడి చూసింది. బుట్టకి బెండు తీయకపోయినా పోయేదేం లేదు, కానీ వంకర రిమ్ము ఆయన చేతిలోంచి బయటికి పోదు. రిమ్ముకి పుల్లలు బిగించే బొక్కలు 36 ఉంటాయి. మూడు బొక్కలకొకటి చొప్పున కొక్కెం తగిలిస్తే పన్నెండు గొలుసులు, కొలత టేపు అక్కర్లేకుండా సమానమైన ఎడంలో వచ్చేశాయి. పైపు నెత్తిన ఫ్లాంజి, అంటే బోల్టులు బిగించే ఇనప బిళ్ళ, దాని మీద అడ్డంగా రెండు ఇనప పట్టీలు, వాటికి రిమ్ము. కిందికి పాత కారు టైరులో కాంక్రీటు పోశాం. ట్రే అంచు నేల నుంచి 82 సెంటీమీటర్లు ఉండాలని ప్రమాణం, ఓ ఆరు సెంటీమీటర్లు అటూ ఇటూ అయినా ఒప్పుకుంటారు. మా మొదటి బుట్ట నాన్న నడుము ఎత్తుకి వచ్చింది, విప్పి దించాం.

గొలుసు దగ్గరే మొదటి దెబ్బ తిన్నాం. షాపులో అడుగుల లెక్కన అమ్ముతారు కదా, పూలకుండీలు వేలాడదీసే సన్న గొలుసు చవగ్గా ఉందని అదే కోయించుకొచ్చాను. డిస్క్ దాన్ని కర్టెన్‌లా తోసుకుని వెనక నుంచి బయటికి పోయింది. నాన్న నన్నొకసారి చూసి ఊరుకున్నాడు. తర్వాత కూర్చుని లెక్క వేశాను. నా పటర్, అంటే పట్ వేసే డిస్క్, బరువు 175 గ్రాములు. సెకనుకి పది మీటర్ల వేగంతో వచ్చిందనుకుంటే, దాన్ని ఆపడమంటే మూడడుగుల ఎత్తు నుంచి పడే లీటరు నీళ్ళ సీసాని ఆపినంత పని. సన్న గొలుసు ఊరికే పక్కకి తప్పుకుంటుంది, డిస్క్ వేగం డిస్క్ దగ్గరే ఉండిపోతుంది. బరువైన గొలుసు కదలాలంటే ఆ వేగంలో వాటా తీసుకోవాల్సిందే. తీసుకున్నదాన్ని లింకులు ఒకదానికొకటి రాసుకుని, ఊగి, మోగి కరగబెట్టేస్తాయి. మనకి వినపడే ఆ ఝల్లు కూడా డిస్క్ పోగొట్టుకున్న వేగమే, కొంతైనా.

బరువు గొలుసు తెచ్చి, ఒక్కొక్కటి రెండడుగులు కోసి, కింది కొసలన్నిటినీ స్తంభం చుట్టూ ఒక రింగుకి చేర్చాం. ఊగకుండా ఉండాలని ఆ రింగుని కిందికి లాగి క్లాంపుతో బిగించాను. ఇది నా తెలివే. చూడ్డానికి కంపెనీ బుట్టలా ఉంది. గట్టిగా వేస్తే డిస్క్ వేసిన చోటికే తిరిగొస్తోంది.

నాన్న ఒక గొలుసుని వేలితో మీటాడు. వీణ తీగలా బిగిసి ఉంది. "నులక మంచం బిగించి కట్టిన రోజు దాని మీద బంతి వేస్తే ఏమవుద్ది? ఎగుర్తుంది. నాలుగు నెలలు పడుకున్నాక వెయ్యి. అక్కడే ఉంటుంది." క్లాంపు తీసేశాడు. రింగు స్తంభం మీద పైకీ కిందికీ స్వేచ్ఛగా జారేలా వదిలేసి, గొలుసుల కొసలు ఒక్కో లింకూ వదులు చేస్తూ పోయాడు. మరీ వదిలితే గొలుసుల మధ్య సందు తెరుచుకుని డిస్క్ కోసుకుపోతోంది. బిగిస్తే తన్నేస్తోంది. చివరికి నాన్న చెప్పిన కొలత, గొలుసుని మధ్యలో పట్టుకుని లోపలికి నెడితే నాలుగు వేళ్ళు దిగాలి. ఎన్ని గొలుసులున్నాయన్నది అందరూ గొప్పగా చెబుతారు. ఇన్నోవా కంపెనీ పెద్ద బుట్టకి 28 గొలుసులని దాని పేరులోనే ఉంటుంది. నా మటుకు నాకు, ఆ నాలుగు వేళ్ళ వదులు ఇంకో పది గొలుసులతో సమానం.

స్తంభానికి నేరుగా తగిలినవి మాత్రం ఠంగుమని వెనక్కొస్తూనే ఉన్నాయి. మా అమ్మాయికి చిన్నదైపోయిన 16 అంగుళాల సైకిల్ అప్పటికే గ్యారేజీలో మూలపడి ఉంది. దాని రిమ్ము పై రిమ్ము లోపల బిగించి, స్తంభానికి దగ్గరగా ఇంకో ఆరు గొలుసులు దింపాం. బయటి వరస వేగం తగ్గిస్తుంది, లోపలి వరస స్తంభానికి దిండులా పనిచేస్తుంది. ఇంకో తప్పు ట్రేలో బయటపడింది. గొలుసుల్లో చచ్చుబడ్డ డిస్క్ నిటారుగా కిందికి పడదు, కాస్త బయటికి ఒలుకుతూ పడుతుంది. పైదీ కిందిదీ ఒకే కొలత కావడంతో అంచుకి తగిలి నేల మీద పడేది. కింది రిమ్ము 29 అంగుళాలది మార్చాం, జానెడు లోతున వల కట్టాం. ఆ బాధ ఆ రోజుతో పోయింది.

సాయంత్రాలు పెరట్లో కుర్చీలేసుకుని నాన్నకి ఈ బుట్ట కథ చెప్పేవాణ్ణి. ఎడ్ హెడ్రిక్ అని ఒకాయన, వామ్-ఓ కంపెనీలో ఫ్రిస్బీని ఇప్పుడున్న రూపానికి తెచ్చిన మనిషి. 1975లో కాలిఫోర్నియాలో, పాసడీనా పక్కన ఓక్ గ్రోవ్ పార్కులో మొదటి శాశ్వత కోర్సు పెట్టించాడు. అప్పటికి బుట్టల్లేవు, స్తంభానికి తగిలితే చాలు. తగిలింది, తగల్లేదు అని రోజూ గొడవే. దాంతో గొలుసులూ బుట్టా కలిపి ఒక ఏర్పాటు తయారుచేశాడు, 1977లో పేటెంటు వచ్చింది. ఇవాళ ఏ పార్కుకి వెళ్ళినా కనిపించేవి దాని పిల్లలే. 2002లో పోయాడు. ఆయన కోరిక మీద చితాభస్మాన్ని ప్లాస్టిక్‌లో కలిపి డిస్కులు పోశారు.

నాన్న కాసేపు మాట్లాడలేదు. "కృష్ణలో కలపాల్సింది పోయి... పళ్ళేలు పోయించుకున్నాడా?" ఇంకాసేపయ్యాక, "వాటితో ఆడతారా?" అన్నాడు.

2021 ప్రపంచ చాంపియన్‌షిప్ వీడియో కూడా చూపించాను. యూటాలోని ఆగ్డెన్‌లో, ఆఖరి హోల్లో జేమ్స్ కాన్రాడ్ 247 అడుగుల నుంచి విసిరితే నేరుగా బుట్టలో పడింది. దాంతో అప్పటిదాకా ముందున్న పాల్ మెక్‌బెత్‌తో స్కోరు సమమైంది, ప్లేఆఫ్ ఆడి గెలిచాడు. లక్షల మంది ఆ విసురు చూసి కేకలు పెట్టారు. నాన్న, "మనిషిని కాదు, గొలుసులు చూపించు" అని నాలుగుసార్లు వెనక్కి తిప్పించాడు.

ఇంత చేసినా ఎడమ పక్క రోగం కుదరలేదు. స్తంభానికి ఎడమ పక్క వేసినవి, అదే శనివారం నాటి జబ్బు, గొలుసుల్లోకి వెళ్ళి మళ్ళీ ఎడమగానే బయటపడుతున్నాయి. కుడి పక్క అంతే దూరంలో వేస్తే బుద్ధిగా ట్రేలో పడుతున్నాయి. ఎడమ పక్క కొక్కేలు తప్పుగా కట్టామని నేను, కట్టలేదని నాన్న. పై రిమ్ముని సగం తిప్పి ఎడమ గొలుసులు కుడికీ, కుడివి ఎడమకీ తెచ్చాం. ఎడమ పక్కే కక్కింది. నాకు పిచ్చెక్కింది.

అమ్మ టీ తెచ్చి, "ఆ గంటలు కాసేపు ఆపితే నా సీరియలు చూసుకుంటా" అంది. నేను గ్లాసు అందుకునేలోపు నాన్న నా పటర్ తీసుకుని ఒకటి విసిరాడు. అదే ఎడమ పక్క తగిలింది. ఉండిపోయింది. ఇంకోటి, ఎడమకే. ఉండిపోయింది. మూడోది కుడికి పోయింది, గొలుసులు దాన్ని బయటికి కక్కాయి.

నాన్నది ఎడమచేతి వాటం. ఇన్ని వారాల్లో ఆ సంగతి నాకు గుర్తే రాలేదు.

ఫోనులో స్లో మోషన్ పెట్టి ఇద్దరివీ తీశాను. నేను కుడిచేత్తో బ్యాక్‌హ్యాండ్, అంటే చెయ్యి ఒంటికి అడ్డంగా తెచ్చి, వేస్తే పైనుంచి చూసినప్పుడు డిస్క్ గడియారం ముల్లు తిరిగే వైపు తిరుగుతుంది. అంటే దాని ముందు అంచు గొలుసుని ఎడమ నుంచి కుడికి రాస్తూ పోతుంది. గొలుసుని కుడికి నెట్టిన డిస్క్‌ని గొలుసు ఎడమకి నెడుతుంది. స్తంభానికి కుడి పక్క తగిలితే ఆ నెట్టుడు దాన్ని స్తంభం వైపు, లోపలికి తోస్తుంది. ఎడమ పక్క తగిలితే బయటికి. నాన్న డిస్క్ తిరిగేది రెండో వైపు, కాబట్టి ఆయనకి అన్నీ తారుమారు. ఇదంతా నేను ఫోను చూపిస్తూ వివరిస్తుంటే ఆయన తాపీగా టీ తాగి, "బొంగరం గోడకి తగిలితే నేరుగా వెనక్కి రాదు, ఓ పక్కకి పోతుంది. ఏ పక్కకన్నది నువ్వు తాడు ఎటు చుట్టావన్న దాన్ని బట్టి. చిన్నప్పుడు ఆడలేదా?" అన్నాడు.

ఆడాను.

ఆ తర్వాత పార్కులో అదే చివరి హోలు దగ్గర నిలబడినప్పుడు స్తంభాన్ని చూడటం మానేసి, దానికి బెత్తెడు కుడిగా వేలాడే ఒక్క గొలుసుని ఎంచుకున్నాను. దాని మీదున్న తుప్పు మచ్చ దాకా చూసి వేశాను. పడింది. తర్వాతి వారం అదే గొలుసుని చూసి వేస్తే పైన పట్టీకి తగిలి నా కాళ్ళ దగ్గరికి వచ్చింది. ఎత్తుకి బొంగరం లెక్కలు పనిచేయవు.

అక్టోబరులో వాళ్ళు వెళ్ళిపోయారు. బుట్ట పెరట్లోనే ఉంది, గాలి గట్టిగా వీస్తే తనంతట తానే మోగుతుంది, పక్కింటి కుక్క దానికింకా అలవాటు పడలేదు. గొలుసులు జింకు పూత వేసినవి కాబట్టి బాగానే ఉన్నాయి. కొక్కేలు మాత్రం నేను చవకవి తెచ్చాను, మొదటి చలికాలానికే ఎర్రబడి ట్రేలోకి తుప్పు రాలుస్తున్నాయి. ఆ సంగతి వీడియో కాల్లో నాన్న కంట పడింది. అప్పట్నుంచి ఫోన్ చేసిన ప్రతిసారీ మనవరాలి కన్నా ముందు, "కొక్కేలు మార్చావా?" అనే అడుగుతున్నాడు. ఈ ఆదివారం మారుస్తానని చెప్పాను, పోయిన ఆదివారం చెప్పినట్టే.