నాలుగో స్టెప్పు

"అన్నా, పాస్‌వర్డ్ కరెక్టుగానే కొడుతున్నా, అయినా పుష్ అవట్లేదు."

పొద్దున్నే ఈ మెసేజ్. మా సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టుకి మొదటి ప్యాచ్, అంటే కోడ్‌లో ఓ చిన్న మార్పు, పంపుదామని కూర్చున్న అమ్మాయి. అలా పంపడాన్నే పుష్ అంటాం.

కోడ్ ఎలా పంపాలో చెప్పే కాంట్రిబ్యూటింగ్ ఫైలు తెరిచాను. నాలుగో స్టెప్పులో ఇంకా "యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ ఇచ్చి పుష్ చేయండి" అనే ఉంది. మా కోడ్ ఉండే సైటు గిట్‌హబ్, 2021 ఆగస్టు 13 నుంచే పుష్ లాంటి గిట్ పనులకు అకౌంట్ పాస్‌వర్డ్ తీసుకోవడం లేదు. దాని బదులు ఆ సైటులో తయారుచేసుకునే టోకెన్ కావాలి, లేదా మన మెషీన్‌లో పెట్టుకునే ఎస్‌ఎస్‌హెచ్ కీ. మా మెషీన్లలో కీలు ఎప్పుడో పెట్టేసుకున్నాం కాబట్టి మాకెవరికీ తెలియలేదు. ఆ ఫైలు చదివేది కొత్తవాళ్లే.

రాత్రి రెండింటిదాకా కూర్చుందట, తప్పు తనదే అనుకుంటూ. మనసు చివుక్కుమంది. అడగకుండానే వెళ్లిపోయినవాళ్లు ఎంతమందో.

సాయంత్రం ఖాళీ ఫోల్డర్‌లోకి ప్రాజెక్టు మొత్తాన్ని కొత్తగా క్లోన్ (కాపీ) చేసి, ఫైల్లో రాసింది రాసినట్టు ఒక్కో కమాండ్ కొట్టాను. ఇంకో రెండుచోట్ల ఆగిపోయింది. ప్రాజెక్టు అసలు కోడ్ ఉండే బ్రాంచి పేరు మెయిన్‌గా మార్చి చాలాకాలమైంది, అందులో మాత్రం మాస్టర్ అనే ఉంది.

అన్నీ సరిచేసి, ఆ మార్పుల్ని ప్రాజెక్టులో కలిపేముందు (మెర్జ్) తననే రివ్యూ చేయమన్నాను. ఇప్పుడే కామెంట్ వచ్చింది: "టోకెన్‌కి ఏ పర్మిషన్లు టిక్ చేయాలో కూడా రాయండన్నా."

రాస్తున్నా.