సీన్ ఒడ్డున విత్తనాలు చల్లే అమ్మాయి

పారిస్ వెళ్ళినవాళ్ళు లూవ్ర్ మ్యూజియం ఎలాగూ చూస్తారు. అక్కడి నుంచి పోన్ దేజార్ వంతెన మీదుగా సీన్ నది దాటి ఎడమకి తిరిగితే ఫ్రాన్స్ టంకశాల వస్తుంది. పేరు మొన్నె ద పారీ. పుట్టింది 864లో. చిల్లర నాణేల తయారీ 1973లోనే బోర్డో దగ్గరి పెసాక్‌కి వెళ్ళిపోయింది. ఇక్కడ ఇప్పుడు పతకాలు, సేకరణ నాణేలు కొడుతున్నారు. పనివాళ్ళను అద్దాల్లోంచి చూడొచ్చు. నేను కదల్లేకపోయాను.

నేను వెతుకుతున్నది మాత్రం 2015లో వచ్చిన పది యూరోల వెండి నాణెం. పాత నాణేల దుకాణాలుండే వివియెన్ వీధికి వెళితే దొరికింది. షాపాయన ప్లాస్టిక్ డబ్బీ తెరవనివ్వలేదు, వేలిముద్ర పడితే ప్రూఫ్ నాణెం, అంటే సేకరణ కోసం ప్రత్యేకంగా మెరిసేలా కొట్టిన నాణెం, పాడైపోతుందట. సరే అని భూతద్దం పెట్టి చూశాను. నేపథ్యం అద్దంలా మెరుస్తోంది, బొమ్మ మాత్రం మంచు పట్టినట్టు తెల్లగా ఉంది.

ఆ నాణెం 1360 నాటి ‘ఫ్రాంక్ అ షెవాల్’ని, అంటే గుర్రం మీది ఫ్రాంక్‌ని, గుర్తు చేస్తూ కొట్టింది. యూరోకి ముందు ఫ్రాన్స్ డబ్బు పేరు ఫ్రాంక్. ఫ్రాన్స్ రాజు రెండో జాన్ 1356లో ప్వాతియే యుద్ధంలో ఇంగ్లీషువాళ్ళకి చిక్కాడు. ఆయన్ని విడిపించడానికి బోలెడంత సొమ్ము కట్టాల్సి వచ్చింది. ఆ సందర్భంలో పుట్టిందే గుర్రం మీద కత్తి ఎత్తిన రాజు బొమ్మతో 3.88 గ్రాముల బంగారు ఫ్రాంక్. ఫ్రాన్స్ మొదటి ఫ్రాంక్ అదే.

ఈ వెండి నాణెం మీద ఆ రాజుకి తోడుగా వచ్చింది సెమ్యూజ్, విత్తనాలు చల్లే అమ్మాయి. పతకాల శిల్పి ఓస్కార్ రోతీ గీసిన ఈ బొమ్మ 1897 నుంచి వెండి నాణేల మీదికెక్కింది. గాలికి ఎదురుగా ఎవరు విత్తుతారని అప్పట్లోనే విమర్శించారు. వ్యవసాయం తెలిసినవాళ్ళకి అది నిజమే అనిపిస్తుంది. అయినా ఆ నడకలోని ఊపు ముందు ఆ తప్పు నాకు కనపడదు. ఫ్రాంక్ 2002లో పోయినా ఆమె పోలేదు. 2024లో కొత్త బొమ్మలు రాకముందు కొట్టిన 10, 20, 50 సెంట్ల ఫ్రెంచి చిల్లర కాఫీ కొట్లో చేతికొస్తే, దాని మీద ఇప్పటికీ విత్తుతూనే ఉంటుంది.

సేకరణ నాణేలంటే ఉత్త వ్యాపారం అనేవాళ్ళతో నేను ఒప్పుకోను. ఆరున్నర శతాబ్దాల కథని ఇంత శ్రద్ధగా చెక్కడం చిన్న పని కాదు. కానీ అదే షాపులో 1915 నాటి ఒక ఫ్రాంక్ వెండి నాణెం కూడా తీసుకున్నాను. అయిదు గ్రాములు, ఆమె మోకాలు అరిగి నున్నబడింది. మీరు వెళితే ముందు అలాంటిది అరచేతిలో పెట్టుకోండి, డబ్బీలోని కొత్త నాణెం ఆ తర్వాత అడగండి.