పాత జీపు: బాగుచేయించాల్నా, అమ్మెయ్యాల్నా

మా ఇంట్ల ఇప్పుడు నడుస్తున్న పంచాయితీ ఒక్కటే, ఏపీ 24 నంబరు జీపు ఉంచుకోవాల్నా తీసెయ్యాల్నా. నాయిన తీసుకున్న డీజిలు బండి, ఫోర్ బై ఫోర్, వయసు 20 దాటింది, పొద్దున తీస్తే సాయంత్రం ఇంటికొస్తదన్న గ్యారంటీ లేదు. మా ఇంటామె "దీనికి పెట్టే పైసలకు మంచి సెకండాండ్ కారొస్తది" అంటది. నిజమే, కానీ ఆ కారు వానకాలంల మా బత్తాయి తోట దాకా రాదు కదా. దేవరకొండ దిక్కు మా తొవ్వ సగం చెల్క, అంటే ఎర్ర ఇసుక నేల, సగం నల్లరేగడి. చెల్క వాన పడ్డ తెల్లారికే ఆరిపోతది, రేగడిల మాత్రం టైర్లకు మట్టి పట్టిందంటే బండి ముందుకు పోవుడు మానేసి పక్కకు జారుతది.

ఊళ్లె ఎవర్నడిగినా "ఇంజన్ బోరుకొచ్చింది, ఇంజన్ చేయించు" అనుడే, అంటే సిలిండర్లు అరిగినయ్, మొత్తం విప్పి బాగుచేయించు అని. నాకైతే ఆగిపోయే రోగం వేరు, అరిగిపోయిన రోగం వేరు అనిపిస్తది. తొవ్వల ఆపి ఇజ్జత్ తీసేవి ఎక్కువ శాతం చిన్న ఖర్చువి. మొన్న తోట నుంచి వస్తుంటే ఆగింది, డీజిలుంది, సెల్ఫ్ కొడితే తిరుగుతుంది, పట్టుకుంటలేదు. మేస్త్రీ వచ్చి ఫిల్టరు మీది స్క్రూ వదులుచేసి చేతిపంపు కొడితే డీజిలు నురగ నురగ వచ్చింది, ఎయిర్ పట్టిందన్నడు. ట్యాంకు నుంచి పంపు దాకా డీజిలును పంపే పీల్చుకుంటది, అందుకే ఆ పైపుల సన్న పగులున్నా డీజిలు బయటికి కారదు, బయటి గాలే లోపలికి పోతది. కింద చుక్క కనపడదు కాబట్టి పైపు మీద ఎవరికీ డౌట్ రాదు, ఇంజన్‌లకు డీజిలు చిమ్మే నాజిళ్లు ఊడదీసి పంపు సర్వీసుకు పంపిస్తరు. మాదాంట్ల చాసిస్ (బండి కింది ఇనుప చట్రం) మీదికి వంగిన కాడ రబ్బరు గట్టిపడిపోయింది, బొటనవేలితోటి ఒత్తితే గీతలు గీతలుగ తెరుచుకున్నయ్. పైపు, రెండు క్లిప్పులు మారిస్తే అయిపోయింది.

సెల్ఫ్ నీరసంగ తిరుగుడు కూడా గట్లనే. బ్యాటరీ మార్చమంటరు అందరు, కానీ ఇంజన్ నుంచి చాసిస్‌కు పోయే ఎర్త్ తీగ విప్పి చూస్తే పచ్చగ చిలుమెక్కి ఉంది.

హీటెక్కుడు మాత్రం లైట్ తీసుకునేది కాదు. నల్లగొండ బోరునీళ్లంటే అందరికీ ఫ్లోరైడే గుర్తొస్తది, అది మనుషుల ఎముకలను తింటది, రేడియేటర్ కొంప ముంచేది అదే నీళ్లల్ల ఉండే సున్నం. ఏండ్ల తరబడి బోరునీళ్లు పోస్తే నీళ్లకుండ అడుగున కట్టినట్టే రేడియేటర్ గొట్టాలల్ల తెల్లగ పెంకు కడుతది, నీళ్లు తిరగవు, ఇంజన్ కాగుతది, ఇంక సోయి లేకుండ అట్లనే తోలితే హెడ్ (ఇంజన్ పైభాగం) వంగి దాని కింది గ్యాస్కెట్ పోతది. ఇంజన్ ఆయిల్‌ల తెల్లని నురగ కనపడ్డదంటే అక్కడిదాకా వచ్చినట్టు. మాది ఇంకా రాలేదు. ఇంజన్ నడుస్తుండంగ ఆయిల్ పోసే మూత తీసి చూసిన, పొగ కొంచెం కొడుతుంది, గుప్పుగుప్పున అయితే కాదు. పొద్దున్నే కాసేపు నీలం పొగ. అంటే అరిగింది, చచ్చిపోలేదు.

అసలు ఫైసలా చాసిస్ దగ్గర. ఇంజన్ పోతే ఇంకోటి దొరుకుతది, హైదరాబాద్ ఆటోనగర్ పోతే పాత జీపు సామాన్లకు కొదవ లేదు, చాసిస్ తినిపోయిన బండికి మాత్రం ఎంత పెట్టినా వేస్టే. చిన్న సుత్తె పట్టుకొని కిందికి దూరిన, కమాన్ కట్టలు (బండి బరువు మోసే ఇనుప పట్టీల స్ప్రింగులు) బిగించిన కాడ, స్టీరింగ్ బాక్స్ కూర్చున్న కాడ కొట్టుకుంట పోయిన. అంతటా టంగుమంది, ఒక్క వెనక క్రాస్ మెంబర్ (చాసిస్ అడ్డపట్టీ) కాడ పొలుసులు రాలినయ్, అదొక్కటి కోసి వెల్డింగ్ చేయించాలె. మనది ఎండల దేశం కాబట్టి బతికింది, సముద్రం దిక్కు బండయితే ఉప్పుగాలికి ఎప్పుడో పోయేది.

ఫోర్ బై ఫోర్ పనిచేస్తుందా లేదా అన్నది తారు రోడ్డు మీద చూడొద్దు. మలుపుల ముందు చక్రాలు ఎక్కువ దూరం తిరగాలె, వెనకవి తక్కువ, ఈ పాత బండ్లల్ల ఫోర్ బై ఫోర్ వేస్తే రెండింటినీ ఒకటే స్పీడుకు కట్టేస్తది, మట్టిల అయితే టైరు జారి సర్దుకుంటది, తారు మీద ఆ ఒత్తిడంతా క్రాసుల (షాఫ్టు కీళ్ల) మీద పడి అవే ఇరుగుతయ్. పాత జీపు కొనేటోళ్లు కూడా వంగి చూడండి, మైలేజీ కోసమని ముందు చక్రాలను తిప్పే షాఫ్టే పీకేసిన బండ్లుంటయ్, లోపల ఫోర్ బై ఫోర్ వేసే రాడ్ మాత్రం దర్జాగ ఉంటది.

ఇంక కాగితాలు. 15 ఏండ్లు దాటినంక ఐదేండ్లకోసారి ఫిట్‌నెస్ చూపించి ఆర్సీ రెన్యువల్ చేసుకోవాలె, 20 దాటిన జీపులు కార్లకు ఆ ఫీజును 2025 ఆగస్టుల కేంద్రం 5 వేల నుంచి 10 వేలు చేసింది. మీదికెళ్లి గ్రీన్ ట్యాక్స్, ఇన్సూరెన్స్. పైపుల ఖర్చు కన్నా ఇదే ఎక్కువైతుంది, నవ్వాల్నో ఏడ్వాల్నో.

మొత్తానికి ఉంచుకుంటున్న. ముందు బ్రేకులు, తర్వాత రేడియేటర్ విప్పి సాఫ్ చేయించి కూలెంట్, క్రాసులు, ఆయిల్ సీళ్లు, ఆ వెల్డింగ్. ఇంజన్ జోలికి పోను, పెయింటు, సీటు కవర్ల జోలికి అసలే పోను. హైదరాబాద్ పోవాలంటే బస్సే అని ఇంటామెతోని ఒప్పందమైంది. ఆర్టీఏ స్లాట్ బుక్ చేసేలోపు హారన్ ఒక్కటి చూపించాలె, అది మోగక చాన్నాళ్లయింది, ఇన్నాళ్లు ఇంజన్ చప్పుడుకే ఊరోళ్లు పక్కకు జరుగుతున్నరు.