దద్దుర్లు లేకపోయినా అది అలర్జీయే కావచ్చు

మా చిన్నదానికి జీడిపప్పు, పిస్తా పడవని తెలిసినవాళ్లంతా అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "తింటే ఒళ్లంతా దద్దుర్లు వస్తాయా?" వస్తాయి. మొదటిసారి అలాగే వచ్చాయి, అందుకే అలర్జీ అని అంత తొందరగా బయటపడింది. రెండోసారి మాత్రం ఒంటి మీద ఒక్క మచ్చ కూడా లేదు. దగ్గుతో మొదలైంది.

ఆహారంతో వచ్చే తీవ్రమైన రియాక్షన్లలో పదింట ఒకటో రెండో చర్మం మీద ఏమీ కనిపించకుండానే వస్తాయి. మనమేమో చొక్కా పైకెత్తి దద్దుర్లున్నాయా అని చూసి, లేవు కదా అని ఊరుకుంటాం. పసిపిల్లలకు ప్రాణం మీదికి వచ్చేది చాలావరకు ఊపిరి దగ్గరే. కాబట్టి చిన్నపిల్లలున్న ప్రతి ఇంట్లోనూ, అలర్జీ ఉందని తెలిసినా తెలియకపోయినా, ఊపిరిని గమనించడం వచ్చి ఉండాలని నా పట్టుదల.

ఆ రోజు ఒక పుట్టినరోజు పార్టీలో ఉన్నాం. అప్పటికి దానికి నాలుగేళ్లు. నేను చూసేలోపే ఎవరో ఇచ్చిన కేకు ముక్క కొరికేసింది. కాసేపటికి పొడి దగ్గు పట్టుకుంది. పొద్దుటి నుంచి జలుబూ లేదు, జ్వరమూ లేదు. పొలమారిందేమో అన్నారు పక్కనున్నవాళ్లు. పొలమారితే తింటూ ఉండగానే ఉన్నట్టుండి వస్తుంది, ఆ ముక్క కదిలిందంటే అక్కడితో సరి. ఇది తినడం అయిపోయాక మొదలై, ఆగకుండా వస్తూనే ఉంది. మధ్యలో నాలుకను పళ్లతో గీరుకుంటూ "అమ్మా, నోట్లో కారం" అంది. కేకులో కారం ఎక్కడిది? తర్వాత మళ్లీ "అమ్మా" అని పిలిచింది చూడండి, ఆ గొంతు మా పిల్లది కాదు. బొంగురుపోయి, ఏదో అడ్డం పడినట్టుగా ఉంది.

గొంతు మారిందంటే స్వరపేటిక దగ్గర వాపు మొదలైందని మాకు డాక్టర్ ముందే చెప్పారు. ఇక ఆలోచించలేదు. సంచిలో ఉన్న అడ్రినలిన్ పెన్ (తీవ్రమైన అలర్జీ వచ్చినప్పుడు వెంటనే వేసే, పెన్నులాంటి ఇంజెక్షన్) తీసి, గౌను మీది నుంచే తొడ బయటి వైపు మధ్యలో నొక్కి పట్టుకున్నాను. పక్కావిడ అంబులెన్స్‌కి ఫోన్ చేసింది. కొన్ని నిమిషాల్లో దగ్గు తగ్గుముఖం పట్టింది, గొంతు తిరిగొచ్చింది.

ఇబ్బంది గొంతు దగ్గర ఉందా, ఊపిరితిత్తుల్లో ఉందా అన్నది శబ్దాన్ని బట్టి కొంత తెలుస్తుంది. గొంతులో వాపయితే ఊపిరి లోపలికి పీల్చేటప్పుడు గరగరమని మోత వస్తుంది, మింగడం కష్టమై చొంగ కారుతుంది. కిందనున్న సన్నటి గొట్టాలు బిగుసుకుంటే ఊపిరి వదిలేటప్పుడు పిల్లికూతలు వినిపిస్తాయి. రెండూ కలిసి కూడా రావచ్చు. చిన్నపిల్లల శ్వాసమార్గం మనకంటే ఎంతో సన్నగా ఉంటుంది కాబట్టి, మనకు లెక్కలోకి రానంత వాపు కూడా వాళ్లకు ఎక్కువే. అన్నిటికంటే భయపడాల్సింది పిల్లికూతలు ఆగిపోయి, బిడ్డ మాత్రం నీరసంగా వాలిపోయినప్పుడు. అది తగ్గడం కాదు, గాలి ఆడడం లేదని అర్థం.

చొక్కా ఎత్తితే చూడాల్సింది దద్దుర్లను మాత్రమే కాదు, డొక్కలను కూడా. ఊపిరి తీసినప్పుడల్లా పక్కటెముకల మధ్య చర్మం లోపలికి పోతోందా, గొంతు కింద గుంట పడుతోందా, ముక్కుపుటాలు ఎగురుతున్నాయా? వీటిలో ఏది కనిపించినా బిడ్డ గాలి కోసం కష్టపడుతున్నట్టే. పెదాలు నీలంగా మారేదాకా ఎదురుచూడకూడదు, అది చివర్లో వచ్చేది.

మాటలు రాని పిల్లల దగ్గర పని ఇంకా కష్టం. వాళ్లు నాలుక మంట అని చెప్పలేరు. నోట్లో వేళ్లు పెట్టుకుంటారు, చెవులు లాక్కుంటారు, ఊరడించినా ఊరుకోకుండా ఏడుస్తారు. ఏడుపు శబ్దం బొంగురుగా మారుతుంది. అప్పటిదాకా ఆడుకున్న బిడ్డ ఒక్కసారిగా మెత్తబడి మీద వాలిపోతుంది. పళ్లొస్తున్నాయని, నిద్రొస్తోందని అనుకోవడానికి వీలున్నవే అన్నీ. అందుకే టైము చూసుకోవాలి: తిన్న కొన్ని నిమిషాల నుంచి రెండు గంటల లోపు ఇలాంటివి మొదలైతే, తిన్నదాన్ని అనుమానించాల్సిందే. గుడ్డు, పాలు, వేరుశనగ, జీడిపప్పు లాంటి గింజలు, నువ్వులు, చేపలు, రొయ్యలు, గోధుమ, సోయా ఎక్కువగా కారణమయ్యేవి. దగ్గుతోపాటు పదేపదే వాంతులైతే అనుమానం ఇంకా బలపడుతుంది.

అలర్జీతో ఊపిరి ఇబ్బంది వస్తే మొట్టమొదట పడాల్సిన మందు అడ్రినలిన్. దురద సిరప్ దద్దుర్లను తగ్గిస్తుందేమో కానీ, గొంతు వాపును ఆపదు, దాని కోసం నిమిషాలు పోగొట్టుకోకూడదు. ఉబ్బసం ఉన్న పిల్లలకు ప్రమాదం ఇంకా ఎక్కువ. అక్కడ జరిగే పొరపాటు, ఆయాసం అనుకుని ఇన్‌హేలర్ కొడుతూ ఉండటం. ఇన్‌హేలర్ ఇవ్వొచ్చు, కానీ అడ్రినలిన్ తర్వాతే. డోసు బరువును బట్టి డాక్టర్ నిర్ణయిస్తారు. ఐదు నుంచి పదిహేను నిమిషాల్లో తగ్గకపోతే రెండోది వేయమంటారు, అందుకే మేము ఎప్పుడూ రెండు పెన్నులు దగ్గర పెట్టుకుంటాం. పెన్ లేని ఇంట్లో చేయాల్సింది వెంటనే అంబులెన్స్ పిలవడం, "ఫలానాది తింది, ఊపిరి ఆడటం లేదు, అనాఫిలాక్సిస్ అనుకుంటున్నాం" అని మొదటి మాటలోనే చెప్పడం. ప్రాణం మీదికి తెచ్చే తీవ్రమైన అలర్జీ రియాక్షన్‌ను డాక్టర్లు అనేది ఆ మాటే.

ఈలోగా బిడ్డను నడిపించకూడదు, నిలబెట్టకూడదు. మామూలుగా పడుకోబెట్టి కాళ్లు ఎత్తులో పెట్టమంటారు. పడుకుంటే ఆయాసం పెరిగేలా ఉంటే కాళ్లు చాపి కూర్చోబెట్టొచ్చు. కంగారులో భుజాన వేసుకుని పరిగెత్తాలనిపిస్తుంది, నాకూ అనిపించింది. ఒక్కసారిగా నిటారుగా లేపితే బీపీ పడిపోయే ప్రమాదం ఉందని తెలుసు కాబట్టి అక్కడే నేల మీద ఉంచాను.

మందు పనిచేశాక పిల్లలు చకచకా లేచి కూర్చుంటారు. మాది అంబులెన్స్‌లోనే ఇంటికెళ్దామని గొడవ మొదలుపెట్టింది. అయినా ఆసుపత్రికి వెళ్లాలి, కొన్ని గంటలు అక్కడే ఉండాలి. కొందరిలో పూర్తిగా తగ్గినట్టే తగ్గి, మళ్లీ ఏమీ తినకపోయినా రియాక్షన్ రెండోసారి తిరగబెడుతుంది. డిశ్చార్జ్ చేసేముందు కొత్త పెన్ రాయించుకుని, అది చేతికొచ్చాకే బయలుదేరండి.