చెయినీ గుండె మీద జోకులు

2012 మార్చిలో అమెరికా మాజీ ఉపాధ్యక్షుడు డిక్ చెయినీకి గుండె మార్పిడి జరిగినప్పుడు నేను విన్న మొదటి జోకు: "ఇన్నాళ్లకు ఆయనకో గుండె వచ్చిందన్నమాట!" నవ్వొచ్చింది, దాచడమెందుకు. ఇరాక్ యుద్ధాన్ని, ఖైదీల వాటర్‌బోర్డింగ్‌ను (ముఖం మీద గుడ్డ కప్పి నీళ్లు పోసి, మునిగిపోతున్నట్టు ఊపిరాడకుండా చేసే హింసను) గట్టిగా వెనకేసుకొచ్చిన మనిషి మీద జాలి అంత తేలిగ్గా పుట్టదు.

కానీ "71 ఏళ్లవాడికి గుండె ఎందుకు, పలుకుబడితో కొట్టేశాడు" అన్న మాట మాత్రం నాకు మింగుడుపడలేదు. 37 ఏళ్లకే మొదటి గుండెపోటు. మొత్తం ఐదు! 2010లో ఛాతీలో గుండెకు సాయపడే పంపు పెట్టించుకుని, 20 నెలలకు పైగా దాత కోసం ఎదురుచూశాడు. అదేం పలుకుబడి?

ఆ గుండె ఎవరిదో అప్పటికి ఆయనకే తెలియదు. ఇంత గోలలో ఆ దాత కుటుంబాన్ని తలుచుకున్నవాళ్లు నాకు కనబడలేదు. యుద్ధం విషయంలో నా కోపం మాత్రం అలాగే ఉంది.