గెలిచాక నోటి మీద వేలు

2018 ఫిబ్రవరి 18 నాటి ఆ వీడియో ఇప్పటికి ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. దక్షిణ కొరియాలో ప్యాంగ్‌చాంగ్ వింటర్ ఒలింపిక్స్, గాంగ్‌నుంగ్ ఓవల్ స్టేడియం, మహిళల 500 మీటర్ల స్పీడ్ స్కేటింగ్. రేసు 40 సెకన్లు కూడా ఉండదు. నేను వెనక్కి జరిపి మళ్లీ మళ్లీ చూసేది మాత్రం రేసు అయిపోయాక జరిగినదాన్ని.

ఈ ఆట పెద్దగా చూడనివాళ్ల కోసం కాస్త చెప్తాను. 400 మీటర్ల మంచు ట్రాక్ మీద ఒక రౌండు, పైన ఇంకో పావు. ఇద్దరిద్దరు చొప్పున దిగుతారు, ఒకరు లోపలి లేన్లో, ఒకరు బయటి లేన్లో, మధ్యలో ఒకసారి లేన్లు మారతారు. పక్కనున్న మనిషిని దాటేస్తే గెలిచినట్టు కాదు, అన్ని జంటలూ అయ్యాక ఎవరి టైం తక్కువైతే వాళ్లదే గోల్డ్. అంతకుముందు 2014 సోచి ఒలింపిక్స్‌లో రెండుసార్లు పరుగు పెట్టించి రెండు టైములూ కలిపారు, ప్యాంగ్‌చాంగ్‌లో ఆ వెసులుబాటు తీసేశారు. ఒక్కటే పరుగు. కాలు ఒక్కసారి జారితే నాలుగేళ్ల కష్టం మంచులో పోసినట్టే.

ఆ రోజు కొరియా మొత్తం తమ స్కేటర్ లీ సాంగ్‌హ్వా కోసం ఎదురుచూస్తోంది. 2010లో వాంకూవర్‌లో గోల్డ్, 2014లో సోచిలో గోల్డ్, ఇప్పుడు సొంత గడ్డ మీద మూడోది. సోచిలో ఐదో స్థానంతో సరిపెట్టుకున్న జపాన్ అమ్మాయి నావో కొడైరా, ఆ తర్వాత నెదర్లాండ్స్ వెళ్లి, అక్కడే ఉండి శిక్షణ తీసుకుని, పూర్తిగా వేరే స్కేటర్‌గా తిరిగొచ్చింది.

లీ కంటే ముందు జంటలోనే కొడైరా దిగింది. 36.94. సోచిలో లీ పెట్టిన 37.28 ఒలింపిక్ రికార్డు పోయింది. స్టాండ్స్‌లో జపాన్ అభిమానులు ఒక్కసారిగా హోరెత్తారు. కొడైరా ట్రాక్ మీద మెల్లగా జారుతూ వాళ్లవైపు తిరిగి, నోటి మీద వేలు పెట్టుకుంది. నిశ్శబ్దంగా ఉండండి, తర్వాతి వాళ్లు స్టార్ట్‌కి వస్తున్నారు అని. ఆ వచ్చేది లీ, తన చేతిలోంచి గోల్డ్ లాక్కోగలిగిన ఒకే ఒక్క మనిషి! తన జీవితంలోకెల్లా గొప్ప పరుగు ముగించి నిమిషం కూడా కాలేదు, అప్పుడే అవతలివాళ్ల ఏకాగ్రత గురించి ఆలోచించగలిగిందంటే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

లీ మొదటి 100 మీటర్లు 10.20లో దాటింది, కొడైరా కంటే వేగంగా. బయటి లేన్లో మొదలుపెట్టింది కాబట్టి చివరి మలుపు లోపల తిరగాలి, అది చిన్న మలుపు, పైగా అప్పటికి వేగం పతాక స్థాయిలో ఉంటుంది. అక్కడే కాస్త తడబడింది. 37.33, సిల్వర్.

కొరియా జెండా పట్టుకుని ఏడుస్తూ వస్తున్న లీ కోసం కొడైరా ఆగి ఉంది. దగ్గరకు రాగానే పొదివి పట్టుకుంది, లీ తల ఆమె భుజం మీద వాలిపోయింది, ఇద్దరూ తమ తమ జెండాలతో పక్కపక్కనే స్కేట్ చేస్తూ వెళ్లారు. ఇదేదో కెమెరాల కోసం పుట్టుకొచ్చిన స్నేహం కాదు. అంతకు కొన్నేళ్ల ముందు సియోల్‌లో వరల్డ్ కప్ రేసు గెలిచిన కొడైరా నెదర్లాండ్స్ ఫ్లైట్ కోసం హడావిడిగా బయల్దేరాల్సి వస్తే, ఆ రోజు ఓడిపోయిన లీయే టాక్సీ పిలిచి, ఎయిర్‌పోర్టు వరకూ డబ్బులు కూడా తనే ఇచ్చిందట. గోల్డ్ గెలిచిన రాత్రి ప్రెస్ ముందు కూర్చుని కొడైరా గుర్తు చేసుకున్న విషయం ఇది. మనసులో ఎంత బాధ ఉండి ఉంటుందో, అయినా లీ ఆ పని చేసింది!

పోటీ అంటే ఎదుటివాళ్ల మీద కసి పెంచుకోవాలి, అప్పుడే గెలుస్తారు అని చెప్పేవాళ్లు ఎదురైనప్పుడల్లా నాకు వీళ్లిద్దరే గుర్తొస్తారు. ఆ రాత్రి కొడైరాలో కసి కనపడలేదు, రికార్డు మాత్రం బద్దలైంది.

నాలుగేళ్ల తర్వాత బీజింగ్ ఒలింపిక్స్‌లో కొడైరా 38.09తో 17వ స్థానంలో ఆగిపోయింది. గోల్డ్ అమెరికా అమ్మాయి ఎరిన్ జాక్సన్‌కి వెళ్లింది, 37.04. అప్పటికి రిటైరైపోయిన లీ కొరియా టీవీలో కామెంటరీ చెప్తోంది. కొడైరా టైం బోర్డు మీద పడగానే లీ గొంతు పూడుకుపోయింది, మైకు ముందే కళ్లు తుడుచుకుంది.