రెండు రౌటర్లు ఒకే నెట్‌వర్క్‌లో పెట్టడం - బుచ్చిలో నా అనుభవం

బుచ్చిరెడ్డిపాలెంలో మా బాబాయ్ వాళ్ళది కింద ఎరువుల కొట్టు, పైన ఇల్లు. ఫైబర్ కనెక్షన్ కొట్లోనే ఉంది, సిగ్నల్ శ్లాబు దాటి పైకి ఒక్క గీత వస్తే గొప్ప, అదీ మెట్ల దగ్గర నిలబడితేనే. పైన చెల్లెలికి వర్క్ ఫ్రమ్ హోమ్, పిన్నికి టీవీలో సీరియళ్ళు, రోజూ గోలే. నాకు నెట్‌వర్కింగ్ ఏం రాదు, కానీ బాబాయ్ "అబ్బయా, నువ్వే చూడు" అన్నాక ఇంకేం చేస్తాం.

నెల్లూరు ట్రంకు రోడ్డులో షాపతను రిపీటర్ తీసుకోండి సార్ వైర్ గోల ఉండదు అన్నాడు గానీ, రిపీటర్ ఉన్న సిగ్నల్నే పట్టుకుని మళ్ళీ వదిలేది, మాకు పైన పట్టుకోడానికే ఏం లేకపాయె. అందుకే ఒక మామూలు రౌటరు, 20 మీటర్ల క్యాట్ 6 నెట్ వైరు తెచ్చా. వైరు వెంటిలేటర్లో నుంచి లాగాం, గోడకి బెజ్జం కొట్టే పనే పడలా.

కింద రౌటర్ లాన్ పోర్టు (ఇంట్లో వాటికి నెట్టు ఇచ్చే రంధ్రం) నుంచి తెచ్చిన వైరుని పై రౌటర్లో రంగు వేరేగా ఉండే వాన్ పోర్టులో (బయట్నుంచి నెట్టు తీసుకునే రంధ్రం) పెడితే నెట్టు వెంటనే వచ్చేసింది. నెట్టు ఒక్కటే చాలనుకునేవాళ్ళు ఇక్కడితో ఆపేయొచ్చు. మాకేమో కొట్లో ఉన్న వైఫై ప్రింటర్ చెల్లెలి లాప్‌టాప్‌లో కనపడలా. ఎందుకంటే వాన్‌లో పెడితే పై రౌటర్ తన వెనకాల వేరే నెట్‌వర్క్ కడతది, కింద 192.168.1 తో మొదలయ్యే అడ్రస్సులు (ప్రతి ఫోనుకీ లాప్‌టాప్‌కీ నెట్‌వర్క్‌లో ఉండే నంబర్లు, ఐపీ అడ్రస్సులంటారు), పైన 192.168.0 తో, లాప్‌టాప్ ప్రింటర్‌ని వెతికేది తన నెట్‌వర్క్ వరకే.

అంతా ఒకటే నెట్‌వర్క్ కావాలంటే వైరు లాన్ నుంచి లాన్‌కి పెట్టాలి. అయితే పెట్టేముందు చూడాల్సింది డీహెచ్‌సీపీ, అంటే ఫోన్లకీ లాప్‌టాప్‌లకీ ఐపీ అడ్రస్సులు పంచే పని. కొత్త రౌటర్‌లో కూడా అది ఆన్‌లోనే వస్తది, అట్నే కలిపేస్తే ఒకే వీధికి ఇద్దరు ఎవరికి వాళ్ళు ఇంటి నంబర్లు వేసుకుంటా పోయినట్టే, కాసేపు నెట్టు వస్తది కాసేపు రాదు, ఎందుకో ఎవరికీ అర్థం కాదు. కొన్ని రౌటర్లలో యాక్సెస్ పాయింట్ మోడ్ అని, అడ్రస్సులు పంచకుండా ఉత్త వైఫై మాత్రం ఇచ్చేది ఉంటది, అది నొక్కితే ఈ తంటా ఉండదు, మేం కొన్నదాంట్లో లేదు.

అందుకని వైరు పీకేసి, పై రౌటర్‌ని లాప్‌టాప్‌కి మాత్రమే కలిపి, బ్రౌజర్లో దాని సెట్టింగుల పేజీ తెరిచి ముందు దాని ఐపీ 192.168.1.250 కి మార్చా. కింద రౌటర్ 192.168.1.1 కదా, రెండిటికీ ఒకటే ఉండకూడదు. 250 ఎందుకంటే కింద రౌటర్ పంచే అడ్రస్సుల్ని 200 దగ్గర ఆపేశా, ఇంక పొరపాటున కూడా ఇంకో ఫోన్‌కి ఆ నంబర్ పోదు. ఐపీ మార్చి సేవ్ కొట్టగానే పేజీ ఆగిపోతది, కంగారు పడొద్దు, కొత్త అడ్రస్ కొట్టి మళ్ళీ లోపలికి పోవాలి. వైఫై పేరు, పాస్‌వర్డ్ కింద దానివే పెట్టి, ఆ సెట్టింగుల పేజీలోకి పోయే అడ్మిన్ పాస్‌వర్డ్ కూడా మార్చేసి, డీహెచ్‌సీపీ ఆఫ్ చేసేది మాత్రం ఆఖర్న పెట్టుకోండి. అది ఆఫ్ అయ్యాక లాప్‌టాప్‌కి 169.254 తో మొదలయ్యే అడ్రస్ కనపడతది, అంటే ఎవరూ అడ్రస్ ఇవ్వలేదని అర్థం, పాడైపోయిందని కాదు.

తర్వాత వైరు లాన్‌లో పెట్టేసరికి లాప్‌టాప్‌కి కింద నుంచే అడ్రస్ వచ్చింది, ప్రింటర్ కూడా కనపడింది. పైన నొక్కితే కింద కొట్లో కాయితం బయటికొస్తంటే బాబాయ్ "ఏందబ్బయా ఇది, దానంతటదే కొడతండాదే" అని పైకి కేకేశాడు.

వైఫై సెట్టింగుల్లో 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌కి కింద ఛానెల్ 1, పైన 11 పెట్టా, ఒకదానికొకటి అడ్డం రాకుండా. ఒక్క ఇబ్బంది ఏందంటే, పేరు ఒకటే అయినా ఫోన్ మెట్లెక్కేటప్పుడు కింద సిగ్నల్నే పట్టుకుని వేలాడతది, వైఫై ఒకసారి ఆపి ఆన్ చేస్తే పైదానికి మారుద్ది. అది కూడా వద్దనుకుంటే మెష్ సెట్టు, అంటే ఒకదానితో ఒకటి కలిసి పనిచేసే రౌటర్ల సెట్టు కొనాలంట, దాని రేటు చూసి బాబాయ్ ఇదే చాల్లే అన్నాడు.